తప్పును పేరుపెట్టి పిలిచే మేస్త్రీ

మేస్త్రీ పోయాడన్న సంగతి నాకు చెప్పినవాడు బజార్లో మునగకాయలు ఏరుకుంటూ చెప్పాడు. "నీకు తెల్దా? నెల దాటింది గదా" అని, చేతిలో కాయను వంచి చూసి, ముదిరిపోయిందని పక్కన పడేశాడు. నాకు వాడి మీద ఒళ్ళు మండిపోయింది. నెల దాటిందట! ఈ నెల రోజులూ నేను వేళకు అన్నం తిన్నాను, పేపరు చదివాను, ఉప్పు తక్కువైందని కోడలి మీద ఎగిరాను. ఆయనేమో మట్టి కింద ఉన్నాడు. ఖాళీ సంచీతో ఇంటికొచ్చేశాను. "కూరగాయలేవీ?" అని మా ఆవిడ అడిగింది. "మేస్త్రీ పోయినాడే" అన్నాను. ఆమె స్టవ్వు ఆర్పేసి వచ్చి నా పక్కన కూర్చుంది.

ఆయన పేరు నేను రాయను. బతికున్నప్పుడు కూడా ఆయన్ని పేరుతో పిలిచినవాణ్ణి నేను చూడలేదు. కర్నూలులో బండ్లు బాగుచేసే మేస్త్రీలు వందమంది ఉండవచ్చు. "మేస్త్రీ దగ్గరికి పోతాండా" అంటే మాత్రం ఆయన దగ్గరికేనని అందరికీ అర్థమయ్యేది.

కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజులవి. ఊరి నిండా డేరాలు, ఫైళ్ళు, ఆఫీసర్లు, వాళ్ళ జీపులు. తుంగభద్ర వైపు పోయే దారిలో మేస్త్రీ రేకుల షెడ్డు ఉండేది. ఆ దారిన పోయే కొత్తవాళ్ళు షెడ్డు ముందు ఆగి నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. ఎందుకంటే అక్కడ తలపాగాలు చుట్టిన పెద్ద మనుషులు, టోపీలు పెట్టుకున్న ఆఫీసర్లు నిలబడి, "గుర్ర్ర్... టక్... గుర్ర్ర్... టక్ టక్" అని నోటితో చప్పుళ్ళు చేస్తుండేవాళ్ళు. మేస్త్రీ ఎదురుగా బండ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, వక్క నములుతూ వినేవాడు.

అది ఆయన పద్ధతి. బండి ఎట్లా మోగుతున్నదో ముందు మనిషి నోటితో మోగించాలి. అప్పటిదాకా ఆయన బానెట్ ఎత్తడు. "కార్బురేటర్ పోయింది మేస్త్రీ" అన్నావా, నీ పని అయిపోయినట్టే. "అట్లనా? రోగం పేరు నీకే తెలిసినాక నేనేమిటికప్పా? పానాలు ఆడుండాయి, తీసుకో" అని ఇంకో వక్క నోట్లో వేసుకునేవాడు.

ఒక ఆఫీసరు, పాపం, అటూ ఇటూ చూసి, సిగ్గుపడుతూ, పక్కవాడికి వినపడకుండా "టుర్ర్..." అన్నాడు. మేస్త్రీ కన్ను తెరవకుండానే, "అంత మెల్లగా అంటే అది సైకిలప్పా. నీది జీపు గదా, గట్టిగా అను" అన్నాడు. ఆఫీసరు గట్టిగా అన్నాడు. రోడ్డు మీద గాడిద ఒకటి బెదిరి పరిగెత్తింది.

ఇదేం పిచ్చి అని నేనూ నవ్వుకున్నాను మొదట్లో. తర్వాత్తర్వాత తెలిసింది. నోటితో మోగించాలంటే ఆ మనిషి బండిని నిజంగా విని ఉండాలి. వినకుండా తోలేవాడు అక్కడే దొరికిపోయేవాడు. విన్నవాడి నోటినుంచే సగం జబ్బు బయటపడేది.

ఇంకో అలవాటు చూడండి. ఇంజన్లోంచి ఊడదీసిన నట్లూ బోల్టులూ తన అన్నం కంచంలోనే వరసగా పేర్చుకునేవాడు. వేరే పళ్ళెం పెడితే ఎక్కడిదక్కడ వదిలేస్తాడట, కంచమైతే ఆకలేసే వేళకు ఖాళీ చెయ్యక తప్పదు కాబట్టి పని నిలవదట! మధ్యాహ్నం ఆయన భార్య అన్నం తెచ్చి, కంచంలో బోల్టులు చూసి, ఉర్దూలో ఎడాపెడా తిట్టేది. ఆయన ఇసుకతో కంచం తోముకుంటూ మా వైపు చూసి కన్ను గీటేవాడు.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఆయనకు శత్రువుల్ని తెచ్చిపెట్టినది, తప్పు ఎవరిదో పైకి చెప్పడం. ఎదుట ఎవరున్నా సరే. "ఈ క్లచ్చు అరగలేదప్పా, అరగదీసినారు. మీ బామ్మర్దికి తోలేది నేర్పిస్తాండారు గదా?" అని బామ్మర్ది పక్కనుండగానే అనేవాడు. ఆ బావా బామ్మర్దులు ఆ రోజు ఇంటికి ఎట్లా పోయారో! "మెల్లగా చెప్పొచ్చు గదా మేస్త్రీ" అని ఒకసారి నేనే అడిగాను. "తప్పుకు పేరు పెట్టి పిలవకుంటే మల్ల అదే తప్పు, అదే బండి, అదే నట్టు. నాకు పనీపాటా లేదనుకున్యావా?" అన్నాడు. కోపగించుకుని పోయినవాళ్ళు నెల తిరక్కుండా మళ్ళీ వచ్చేవాళ్ళు.

అటువంటి మనిషి నా విషయంలో ఒకరోజు నోరు మూసుకున్నాడు. నేను రాయాలనుకున్నది ఆ సంగతే.

కర్నూలుకు నలభై మైళ్ళ దూరాన మా ఊరు. మేము కిరస్తానం వాళ్ళం. మా నాయన ఆదివారం చర్చిలో గంట కొట్టేవాడు, తక్కిన ఆరు రోజులూ మా ఊరి రెడ్డి పొలంలో కూలికి పోయేవాడు. మా పేట మొత్తంలో స్టీరింగు పట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. రెడ్డి దగ్గర పికప్పు బండి ఉండేది. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు వేలం వేస్తే కొన్నది. అప్పటికే ముసలిది. ముందు ఇద్దరు కూర్చోవచ్చు, వెనక వేరుశనగ మూటలు, విత్తనాలు, ఒక్కోసారి అహోబిలం పోయే చుట్టాలు. దాన్ని నేను ఎంత ముద్దుగా చూసుకునేవాడినో చెబితే మా ఆవిడకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఆ ఏడు దసరా అయ్యాక బండి మొరాయించడం మొదలుపెట్టింది. నిలబడి ఉన్నప్పుడు జ్వరం వచ్చినట్టు వణికేది. గుట్ట ఎక్కేటప్పుడు ఎక్కిళ్ళు పెట్టేది. నాకు తెలిసినంతలో కార్బురేటర్ కడిగాను, పాయింట్లు గీకాను. రెండు రోజులు బాగుండేది, మళ్ళీ మొదలు.

ఒకరోజు రోడ్డు మీది పెట్రోలు బంకు దగ్గర బండి స్టార్టవనంటే స్టార్టవనంది. పక్కనున్న లారీ మనిషెవరో, "కిరసనాయిలు కలిస్తే ఇట్లనే అంటాది" అని ఊరికే ఒక మాట వదిలాడు. రెడ్డి గబుక్కున నా వైపు తిరిగాడు.

"పెట్రోలు అమ్ముకొని కిరసనాయిలు పోస్తాండావురా నువ్వు?"

పదిమంది ఉన్నారు అక్కడ. బంకు మనిషి గొట్టం చేత పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. ఆ రోజుల్లో డ్రైవరుకు పెట్రోలు దొంగ అని పేరు పడితే ఇంక ఏ బండి తాళమూ చేతికి రాదు. మా నాయన లాగా పార పట్టుకోవాల్సిందే. అప్పటికి నాకు పెళ్ళయి నాలుగు నెలలు. "శనివారం మేస్త్రీ కాడికి పోదాం. ఆయనే చెప్పనీ, నీ సంగతి తేలుస్తా" అన్నాడు రెడ్డి.

శనివారం పొద్దున్నే కర్నూలు పోయాం. "ఏమంటాండాది?" అన్నాడు మేస్త్రీ. "డుగు డుగు డుగు, హుఁ, డుగు డుగు, హుఁ" అన్నాను. ఆయన రెడ్డి వైపు చూశాడు. "నేనేమన్నా కోతినా?" అన్నాడు రెడ్డి. మేస్త్రీ వక్క నములుతూ కూర్చున్నాడు. కాసేపటికి రెడ్డి మొహం పక్కకు తిప్పుకుని "డర్ర్ర్" అన్నాడు. "మీరు ముందు సీట్లో నిద్రపోతారు గదా రెడ్డీ" అన్నాడు మేస్త్రీ.

తర్వాత ట్యాంకులోంచి నాలుగు చుక్కల పెట్రోలు తీసి రెడ్డి అరచేతిలోనే పోశాడు. "ఊదండి" అన్నాడు. రెడ్డి ఊదాడు. చుక్కలు ఆరిపోయాయి. "చల్లగుండాదా? జిడ్డు లేదు గదా? కిరసనాయిలైతే జిడ్డుంటాది, వాసన పోదు. ఇది సొక్కం పెట్రోలు." నాకు ప్రాణం లేచి వచ్చింది. రెడ్డి చెయ్యి పంచెకు తుడుచుకుని, "ఈ పెట్రోలు నిన్న నేను పక్కన నిలబడి పోయించినా, అందుకే మంచిగుండాది. ముందటి కిరసనాయిలు జిడ్డే లోపల సతాయిస్తాండాది" అనేసి కాఫీకి హోటలు వైపు పోయాడు. లేచి వచ్చిన ప్రాణం మళ్ళీ అక్కడే కూలబడింది.

మేస్త్రీ బానెట్ ఎత్తాడు. ఆ బండికి నాలుగు ప్లగ్గులూ ఇంజను నెత్తిన వరసగా, నిటారుగా నిలబడి ఉంటాయి, తెల్లటి పింగాణీ మెడలతో. ఇంజను తిరుగుతుండగా కట్టె పిడి స్క్రూడ్రైవరుతో ఒక్కో ప్లగ్గునూ ఇంజనుకు తాకించి దాని కరెంటు ఆపుతూ పోయాడు. మొదటిదాన్ని తాకిస్తే ఇంజను తడబడింది. రెండోదాన్ని తాకించినా, మూడోదాన్ని తాకించినా తేడా లేదు. "ఈ రెండూ పన్జేయడం లేదు" అని ఇంజను ఆపి, వంగి, రెండో ప్లగ్గు మెడను గోటితో గీకాడు. పసుపు పచ్చగా, ఎర్రగా పెచ్చు ఊడి వచ్చింది.

"ఇదేమప్పా?"

"బొట్టు. మా పెద్దమ్మ పెడతాది." పెద్దమ్మ అంటే రెడ్డి వాళ్ళ అమ్మ.

"ప్లగ్గులకా?"

అప్పుడు చెప్పాను. ఏటా ఆయుధ పూజకు బండికి బొట్టు బానెట్ మీదే పెట్టేవాళ్ళు. ఆ ఏడు మాత్రం పెద్దమ్మ, "పైన రేకుకు పెడితే ఏమి లాభంరా? పన్జేసేది లోపల గదా, తెరువు" అంది. తెరిచాను. నాలుగు ప్లగ్గులు చూసి, "ఈ నలుగురేనా ఇంత బరువు మోసేది!" అని ముచ్చటపడి, తడి పసుపు మెడ నిండా పూసి, పైన కుంకం అద్దింది. ఆ తర్వాత బండి మొరాయిస్తుందని తెలిసి, దిష్టి తగిలిందని, ప్రతి శుక్రవారం అదే పూజ.

"బండి ఏ వారం ఎక్కువ సతాయిస్తాది?"

"శుక్రవారం, శనివారం. మంగళవారానికి కొంచెం..." అని నేనే ఆగిపోయాను. ప్రతి శుక్రవారం బానెట్ ఎత్తి పట్టుకున్నవాణ్ణి నేనే. ఇంత తెలివిలేని వెధవను నేను! అయినా, పెద్దమ్మ పెట్టిన బొట్టును నేను ముట్టుకుంటానా? తుడవాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

"తడి పసుపు, దాని మీద దుమ్ము, నూనె జిడ్డు. కరెంటు లోపలికి పోకుండా ఆ పూత మీదనే జారిపోతాండాది" అన్నాడు మేస్త్రీ.

నేను ఆయన చేతులు పట్టుకున్నాను. "మేస్త్రీ, నీకు దండం పెడతా, ఈ మాట రెడ్డితో అనొద్దు. నేను కిరస్తానం వాన్ని, నువ్వు సాయిబువి. ఇద్దరం కలిసి పెద్దమ్మ బొట్టుకు వంక పెట్టినామంటే నన్ను ఊళ్ళో ఉండనిస్తారా? గమ్మున తుడిచెయ్యి. బండి బాగైపోతాది."

"బాగైపోతాది. అప్పుడు మీ రెడ్డి ఏమంటాడు? నేను పక్కనుండి పెట్రోలు పోయించినా, బండి బాగైంది, వీడు దొంగే అంటాడు. అంటాడా లేదా?"

తుడిస్తే దొంగను. చెబితే పెద్దమ్మ పూజను తప్పుపట్టినవాణ్ణి. మేస్త్రీ గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు, మళ్ళీ పెట్టేశాడు. ఏమీ ముట్టుకోకుండా బానెట్ మూసేశాడు. ఆయన బాగు చెయ్యకుండా బానెట్ మూయడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

రెడ్డి వచ్చి, "తప్పెవరిది?" అన్నాడు.

"ఈడ చెప్పను. శుక్రవారం మీ ఊరికొస్తా."

"కిరసనాయిలేనా?"

"శుక్రవారం" అన్నాడు మేస్త్రీ, కంచంలో బోల్టులు పేర్చుకుంటూ.

నలభై మైళ్ళు ఎక్కిళ్ళు పెట్టుకుంటూ వెనక్కి వచ్చాం. దారి పొడవునా నాకు మేస్త్రీ మీద పట్టరాని కోపం. ఊరందరి తప్పులూ అరిచి చెప్పేవాడు నా దగ్గరికి వచ్చేసరికి భయపడ్డాడనుకున్నాను. ఆ ఆరు రోజులూ నాకు అన్నం సహించలేదు. మా ఆవిడ మాత్రం, "నువ్వు తియ్యలేదు గదా? ఇంగ పండుకో" అనేది. తియ్యలేదని నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన నిద్ర వస్తుందా?

శుక్రవారం పొద్దున మేస్త్రీ బస్సు దిగాడు. తల స్నానం చేసి, ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టింది. షెడ్డు వదిలి ఏ మారాజు ఇంటికీ పోని మనిషి! చేతిలో పనిముట్టు ఒక్కటీ లేదు.

పెద్దమ్మ పళ్ళెంలో పసుపు కుంకాలతో వాకిట్లో ఉన్న బండి దగ్గరికి వచ్చింది. నొసట రూపాయంత బొట్టు, చేతుల నిండా గాజులు.

"ఎవరప్పా నువ్వు?"

"కర్నూలు మేస్త్రీనమ్మా. నీ నలుగుర్నీ చూసిపోదామని వచ్చినా."

పెద్దమ్మ మొహం విప్పారింది. "సూడు సాయిబూ, సూడు. ఎంత సేసినా వాటికి నలత తగ్గలేదు."

"కొత్త బొట్టు పెట్టేముందు పాతది తీసేస్తారు గదమ్మా?"

"దేవుడికైతే తీస్తాం. వీటికి తియ్యలేదే!" అని నాలుక కరుచుకుంది. తన చేత్తోనే తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో నాలుగు ప్లగ్గులూ తళతళలాడేలా తుడిచింది. మేస్త్రీ నాకు సైగ చేశాడు. స్టార్ట్ చేశాను. రెండు నెలల తర్వాత ఆ ఇంజను వెన్న చిలికినట్టు తిరిగింది. పెద్దమ్మ గర్వంగా, "సూసినావా, నా చెయ్యి తగిలినాకనే బాగైంది!" అంది.

"నిజమేనమ్మా" అని మేస్త్రీ ఇంజను ఆపించాడు. "ఇప్పుడు పసుపు పూయండి. బాగా పూయండి."

పూసింది. కుంకం అద్దింది. స్టార్ట్ చేశాను. డుగు డుగు, హుఁ. బండి వణికిపోయింది.

పెద్దమ్మ చేతిలో పళ్ళెం అట్లాగే ఉండిపోయింది. "ఆపురా" అంది నాతో. మళ్ళీ తుడిచింది. "ఇప్పుడు" అంది. వెన్న చిలికినట్టు తిరిగింది. "ఆపు." మళ్ళీ పూసింది. మళ్ళీ వణుకు. ఆ ముసలామె గట్టిది, మూడుసార్లు చేసి చూసుకుంది. చివరికి ప్లగ్గులన్నీ శుభ్రంగా తుడిచేసి, పళ్ళెం కింద పెట్టి అరుగు మీద కూర్చుంది.

"ఇన్నాళ్ళూ నేనే వాటి గొంతు పిసుకుతాండానా సాయిబూ?"

"తప్పు మీదేనమ్మా" అన్నాడు మేస్త్రీ. ఆయన గొంతు అంత మెత్తగా పలకడం నేను అదే మొదటిసారి వినడం. "వాటికి ఒంటి మీద తడి పనికిరాదు. బానెట్ మీద ఎంత కావల్నో అంత పెట్టుకోండి. ఇంగో మాట. ఆ తప్పు పోయి ఈ పిల్లోని నెత్తిన పడింది. పెట్రోలు దొంగ అన్నారంట, పదిమందిలో."

పెద్దమ్మకు ఆ సంగతే తెలియదు. నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆమె లోపలికి తిరిగి పెట్టిన కేకకు రెడ్డి చేతిలో గ్లాసుతో సహా వచ్చేశాడు.

"దొంగను పట్టుకోవల్లంటే నన్ను పట్టుకో పోరా! నీ బండి పాడుచేసింది నేనే."

విషయం అర్థమయ్యేసరికి రెడ్డి మొహం కందగడ్డలా అయింది. "సరే సరే. పోయి బండి కడుక్కోపో" అన్నాడు నాతో. ఆయన లెక్కన అంతటితో అయిపోయింది. నాకూ అంతే చాలనిపించింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. బక్కెట్టు కోసం కదిలాను.

"ఉండప్పా" అన్నాడు మేస్త్రీ. "రెడ్డీ, ఆ మాట యాడ అన్నారు మీరు?"

"బంకు కాడ. అయితే?"

"ఆడ అన్న మాట ఈడ కడిగితే పోతాదా?"

రెడ్డి కళ్ళెర్రజేశాడు. ఒక సాయిబు, తన వాకిట్లో, తనకు చెప్పడం! ఏమయ్యేదో తెలియదు. ఈలోగా పెద్దమ్మ లేచి, కొంగు నడుముకు చుట్టుకుని, పోయి పికప్పు ముందు సీటులో కూర్చుంది. "నడువు" అంది నాతో. ఇంక రెడ్డి ఏం చేస్తాడు? వెనక ఎక్కి మూటలు వేసే చోట నిలబడ్డాడు. పక్కన మేస్త్రీ.

బంకు దగ్గర అదే మనిషి ఉన్నాడు. లారీల వాళ్ళు నలుగురైదుగురు టీ తాగుతున్నారు. రెడ్డి దిగాడు. గొంతు సవరించుకున్నాడు. తల్లి వైపు ఒకసారి చూశాడు, ఆమె చూపు తిప్పుకోలేదు.

"ఆ పొద్దు నేనొక మాటన్నా. అది తప్పు. ఈ పిల్లోడు దొంగ గాదు." ఆగాడు. అందరూ చూస్తున్నారు. "ఇంగమీదట ఈ బండికి ఎంత పొయ్యల్లంటే అంత, ఈ పిల్లోని మాట మీదనే పొయ్యండి. నేను రాను, అడగను."

బంకు మనిషి తల ఊపాడు. లారీ మనిషి ఒకడు నాకు టీ గ్లాసు అందించాడు. రెండు చేతులా పట్టుకుని చివరి చుక్కదాకా తాగాను.

తిరిగి వచ్చేటప్పుడు ఊరి ముందరి గుట్ట ఎక్కుతున్నాం. అప్పటిదాకా ఎట్లా ఆపుకున్నానో, అక్కడ ఏడుపు తన్నుకొచ్చింది. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాను. పక్కన పెద్దమ్మ ఉందన్న సిగ్గు కూడా లేదు. కళ్ళ నిండా నీళ్ళు, ఎదర దారి అలికేసినట్టుంది. బండి బరువుగా మూలగసాగింది. వెనకనుంచి ఎవరో రేకు మీద దబదబా బాదారు. మేస్త్రీ పక్కకు వంగి కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు.

"ఏమప్పా, వినపడలేదా? మూడో గేర్లో ఎక్కలేక సస్తాండాది. రెండుకు దించు. ఏడ్చేది గుట్ట దిగినాక ఏడుద్దువు."

రెండుకు దించాను. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను ఏడుస్తూనే గుట్ట ఎక్కించాను.